తెలుగు రాష్ట్రాల బడి పరీక్షలు: ప్రమాణాలు, పిల్లల మధ్య అంతరాలు

రాష్ట్రమంతటా ఒకే రోజు, ఒకే ప్రశ్నపత్రంతో పెట్టే బడి పరీక్ష నుంచి సమాజం రెండు పనులు ఆశిస్తుంది. ఈ పిల్లవాడు పై చదువుకు వెళ్లవచ్చా అన్నది తేల్చడం మొదటిది. ఏ జిల్లాలో, ఏ రకం బడిలో, ఎలాంటి ఇళ్ల పిల్లలు ఎంత నేర్చుకున్నారో, ఎవరు ఎక్కడ వెనకబడ్డారో చెప్పడం రెండోది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో పదో తరగతి పబ్లిక్ పరీక్ష మొదటి పనిని దశాబ్దాలుగా చేస్తూనే ఉంది. రెండో పని కోసం దాన్ని తయారు చేయలేదు. అయినా ఫలితాల రోజున మంత్రి ప్రకటించే ఉత్తీర్ణత శాతాన్నే రాష్ట్రంలో చదువు స్థాయిగా, జిల్లాల ర్యాంకులనే అంతరాలుగా మనం చదువుకుంటున్నాం. ఆ శాతం వెనక ఏముందో, అసలు అంతరాలను కొలిచే ప్రయత్నాలు తెలుగు నేల మీద ఎలా జరిగాయో ఈ వ్యాసం వివరిస్తుంది.

శ్రీనగర్ కాలనీ చుట్టుపక్కల

ఈ అంతరం ఒక్క చూపులో కనబడే చోటు హైదరాబాద్‌లోని శ్రీనగర్ కాలనీ. ఒకవైపు పంజగుట్ట, అమీర్‌పేట, మరోవైపు యూసుఫ్‌గూడ, కృష్ణానగర్, ఎగువన బంజారాహిల్స్, జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్. తెలుగు సినిమా మద్రాసు నుంచి తరలివచ్చాక నిర్మాణ సంస్థల ఆఫీసులు చాలావరకు ఈ కాలనీలోనూ దాని చుట్టుపక్కలా వెలిశాయి. నిర్మాతలు, దర్శకులు, నటులు గుట్టల మీద ఇళ్లు కట్టుకున్నారు. జూనియర్ ఆర్టిస్టులు, లైట్‌మెన్, ప్రొడక్షన్ బాయ్స్, మేకప్ అసిస్టెంట్లు, కాస్ట్యూమ్స్ కుట్టే టైలర్లు, డ్రైవర్లు కృష్ణానగర్, ఇందిరానగర్ గల్లీల్లో అద్దె గదులు వెతుక్కున్నారు.

పొద్దున ఏడున్నర నుంచి తొమ్మిది దాకా ఈ రోడ్ల మీద నాలుగు రకాల బడి పిల్లలు కనిపిస్తారు. ఏసీ బస్సు కోసం గేటు దగ్గర నిలబడ్డ పిల్లలు ఐబీ, కేంబ్రిడ్జి సిలబస్‌లు చదువుతారు. వ్యాన్లలోనూ కార్లలోనూ వెళ్లేవాళ్లు సీబీఎస్‌ఈ, ఐసీఎస్‌ఈ. ఆటోలో పదిమంది ఇరుక్కుని, బ్యాగులు బయటికి వేలాడేసుకుని పోయేవాళ్లు గల్లీలోని చిన్న ప్రైవేటు ఇంగ్లీష్ మీడియం బడి పిల్లలు. చెల్లెలి చెయ్యి పట్టుకుని నడిచి వెళ్లే పిల్ల సర్కారు బడికి పోతోంది. ఒకే షూటింగు మీద బతికే ఇళ్ల పిల్లలు వీళ్లంతా. వీళ్లలో మొదటి రెండు గుంపులూ రాష్ట్ర బోర్డు పరీక్ష రాయవు. తెలంగాణ పదో తరగతి ఫలితాల్లో జూబ్లీహిల్స్ సంపన్నుల పిల్లల లెక్క దాదాపు ఉండదు. పదో తరగతి దాకా రాకముందే బడి మానేసినవాళ్ల లెక్కా ఉండదు. రెండు కొసలూ తెగిపోయిన గుంపు మీద తీసిన శాతాన్ని రాష్ట్రం మొత్తానికి అంటగడుతున్నాం.

2022లో హైదరాబాద్ జిల్లా 79.63 శాతంతో తెలంగాణలో అట్టడుగున నిలిచింది. రాష్ట్ర సగటు 90 శాతం, మొదటి స్థానంలో ఉన్న సిద్దిపేట 97.85. రాజధాని ఎందుకు చివరికి పోయిందని అప్పట్లో చాలామంది ఆశ్చర్యపోయారు. కలిగినవాళ్ల పిల్లలు వేరే బోర్డులకు వెళ్లిపోయాక, రాష్ట్ర బోర్డులో మిగిలింది పాతబస్తీ ఉర్దూ మీడియం పిల్లలు, వలస కూలీల పిల్లలు, ఇరుకు సర్కారు బళ్లు, కృష్ణానగర్ లాంటి చోట్ల చిన్న ప్రైవేటు బళ్లు. నగరపు డబ్బు ఆ లెక్కలోకే రాలేదు.

ముప్పై అయిదు మార్కుల గీత

ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన 1953లోనే సెకండరీ విద్యా బోర్డు ఏర్పడింది. అంతకు ముందు కోస్తా, రాయలసీమల్లో మద్రాసు ప్రెసిడెన్సీ వారి ఎస్‌ఎస్‌ఎల్‌సీ నడిచేది. నిజాం రాజ్యంలో పై చదువుల మీద ఉర్దూదే పెత్తనం. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం పుట్టింది కూడా ఉర్దూ మాధ్యమంతోనే. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లవాడు పరీక్ష గదిలో ఇంకో భాషలో ఆలోచించాల్సి రావడం ఈ నేలకు కొత్త కాదన్నమాట. ఇప్పుడు ఆ స్థానం ఇంగ్లీషుది.

పాసు మార్కు 35. ఉమ్మడి రాష్ట్రంలో హిందీకి 20 వస్తే చాలు. ఈ గీత ఇక్కడే ఎందుకు గీశారంటే అది వారసత్వంగా వచ్చిన అలవాటు తప్ప, ఇన్ని మార్కులు వచ్చినవాడికి ఇన్ని విషయాలు వచ్చినట్టు అని ఎవరూ విడమరిచి నిర్ణయించింది కాదు. ప్రమాణం అనే మాటకు మూల్యాంకన శాస్త్రంలో ఉన్న అర్థం వేరు. ఫలానా తరగతి పూర్తయ్యేసరికి పిల్లలకు ఏం రావాలో ముందు రాసుకోవాలి, దానికి తగిన ప్రశ్నలు తయారు చేసి పరీక్షించి చూసుకోవాలి, ఆ తర్వాత గీత గీయాలి. ఏడాదికేడాది ప్రశ్నపత్రం కష్టసుఖాలు మారితే గీతను ఆ మేరకు సవరించాలి. మన పబ్లిక్ పరీక్షలో ఈ సవరణ లేదు. పేపరు తేలిగ్గా వచ్చినా కఠినంగా వచ్చినా గీత 35 దగ్గరే ఉంటుంది.

పరీక్ష రూపం మాత్రం తరచూ మారుతూ వచ్చింది. 2012 పరీక్షల నుంచి మార్కుల బదులు గ్రేడ్లు ఇచ్చారు. తెలంగాణలో 2014–15 నుంచి నిరంతర సమగ్ర మూల్యాంకనం కింద పబ్లిక్ పరీక్షకు 80, బడిలో పెట్టే ఫార్మేటివ్ పరీక్షలకు 20 మార్కులు కేటాయించారు. 80లో 28 తెచ్చుకుంటేనే పాసు. పదకొండు పేపర్లు కరోనా తర్వాత ఆరయ్యాయి. ఆంధ్రప్రదేశ్ ముందే మార్కులకు మళ్లింది, తెలంగాణ 2024–25లో మెమోల్లో మళ్లీ మార్కులు ఇచ్చింది. ఇరవై ఇంటర్నల్ మార్కులు ఉంచాలా తీయాలా అన్న చర్చ ఇంకా సాగుతూనే ఉంది.

ఆ ఇరవై మార్కుల విషయంలో 2021 ఒక పెద్ద పాఠం. కరోనా వల్ల పబ్లిక్ పరీక్ష జరగలేదు. బడులు పంపిన ఫార్మేటివ్ మార్కుల ఆధారంగానే తెలంగాణలో అయిదు లక్షల పైచిలుకు పిల్లలకు గ్రేడ్లు వేశారు. 2.10 లక్షల మందికి పదికి పది జీపీఏ వచ్చింది. మామూలుగా పరీక్ష జరిగిన 2024లో పదికి పది వచ్చినవాళ్లు తొమ్మిది వేల లోపే. పిల్లలను దగ్గరగా చూసే టీచరు వేసే మార్కు విలువైనదే. కానీ ఆ మార్కు మీద బడి పేరు, ఫ్లెక్సీ, వచ్చే ఏటి అడ్మిషన్లు ఆధారపడినప్పుడు అది కొలతగా పనికిరాకుండా పోతుంది.

ఎగిరిపడే శాతాలు

ఆంధ్రప్రదేశ్‌లో పదో తరగతి ఉత్తీర్ణత 2019లో 94.88 శాతం. రెండేళ్లు పరీక్షలు లేక, 2022లో జరిగితే 67.26. తర్వాతి ఏడాది 72.26, 2024లో 86.69, 2025లో 81.14. తెలంగాణలో 2018లో 83.78, 2019లో 92.43, 2023లో 86.60, 2024లో 91.31, 2025లో 92.78. ఏ రాష్ట్రంలోనూ పిల్లల చదువు ఒక్క ఏడాదిలో పది, పదిహేను శాతం పెరగదు, తరగదు. మారేది పేపర్ల సంఖ్య, ప్రశ్నల తీరు, ఛాయిస్, బిట్ పేపరు ఉందా లేదా అన్నది, హాల్లో కాపలా, స్పాట్ వాల్యుయేషన్‌లో చెయ్యి ఎంత ఉదారంగా ఉందన్నది. 2022లో ఏపీలో ఫలితాలు పడిపోవడానికి మాత్రం కరోనా ఏళ్ల నష్టం నిజంగానే కొంత కారణం. మిగతాది నిబంధనల మార్పు. ఆ రెంటినీ విడదీసి చూపే ఏర్పాటు మన పరీక్షా వ్యవస్థలో లేదు.

జిల్లాల ర్యాంకులదీ ఇదే కథ. 2023లోనూ 2024లోనూ తెలంగాణలో మొదటి స్థానం నిర్మల్‌దే, రెండుసార్లూ 99 శాతం చుట్టూ. హైదరాబాద్‌కు కూతవేటు దూరంలో ఉన్న వికారాబాద్ 2023లో 59.46, 2024లో 65.10, 2025లో 73.97 శాతంతో మూడేళ్లూ చివరిదే. నిర్మల్ పాత ఆదిలాబాద్ జిల్లాలోది, సంపన్న ప్రాంతం కాదు. అలాంటి జిల్లా ముందుకు రావడంలో టీచర్ల శ్రమ ఎంతో ఉంది. ప్రతి జిల్లాలోనూ సంక్రాంతి నుంచి జరిగే తతంగం తెలిసినదే. పిల్లలను ఏ, బీ, సీ అని విడదీస్తారు. ‘సీ’ పిల్లలను టీచర్లు దత్తత తీసుకుంటారు. తెల్లవారుజామున ఫోను చేసి నిద్రలేపుతారు, సాయంత్రం స్టడీ అవర్లలో అల్పాహారం పెట్టి, ఎక్కువసార్లు వచ్చిన ప్రశ్నలను అభ్యాస దీపికల నుంచి బట్టీ కొట్టిస్తారు. ఈ శ్రమను తక్కువ చేసి చూడకూడదు, ఎంతోమంది పేద పిల్లలకు అదే ఇంటర్ దారి తెరిచింది. అయితే మూడు నెలల్లో 35 మార్కులు తెప్పించగలగడం వేరు, పదేళ్లలో చదవడం, రాయడం, లెక్కించడం నేర్పడం వేరు. ర్యాంకు మొదటిదాన్నే చూపిస్తుంది.

ఇంకో చిక్కు, పరీక్షకు ఎవరిని కూర్చోబెట్టారన్నది. నూరు శాతం కోసం పట్టుబట్టే బళ్లు కొన్ని తొమ్మిదిలోనే బలహీనుల చేతిలో టీసీ పెడతాయి, లేదా వాళ్లను ఓపెన్ స్కూల్లో కట్టమంటాయి. నామినల్ రోల్స్‌లో పేరు లేని పిల్లవాడు ఫెయిల్ కాడు. హాజరైనవాళ్లలో ఎంతమంది పాసయ్యారన్నదే ప్రకటిస్తాం తప్ప, ఆరో తరగతిలో చేరినవాళ్లలో ఎంతమంది పాసయ్యారన్నది ప్రకటించం.

ఎవరి మధ్య అంతరం

యాజమాన్యాల వారీ ఫలితాల్లో గురుకులాలు ఎప్పుడూ పైన ఉంటాయి. 2024లో తెలంగాణ రెసిడెన్షియల్ సొసైటీ బడుల ఉత్తీర్ణత 98.71 శాతం. ఈ గురుకులాలకు మూలం ఉమ్మడి నల్లగొండ జిల్లా సర్వేల్‌లో 1971లో పీవీ నరసింహారావు చొరవతో మొదలైన బడి. పల్లెల్లోని తెలివైన పేద పిల్లలకు బోర్డింగ్, మంచి టీచర్లు, పుస్తకాలు ఇస్తే ఏమవుతుందో అది చూపించింది. తర్వాత సాంఘిక, గిరిజన, బీసీ, మైనారిటీ గురుకులాలుగా విస్తరించింది. గురుకులాల విజయం నిజమైనదే, కానీ అక్కడి పిల్లలు ప్రవేశ పరీక్షలో వడపోతకు గురై వచ్చినవాళ్లు. పక్క ఊరి జిల్లా పరిషత్ హైస్కూలు ఎవరు వచ్చినా చేర్చుకుంటుంది. పైగా చురుకైన నలుగురిని గురుకులం తీసుకెళ్లాక మిగిలినవాళ్లతో నడుస్తుంది. ఈ రెండు బడుల శాతాలను పక్కపక్కన అచ్చేసి ఒకదాన్ని మెచ్చుకుని, ఇంకోదాన్ని తిట్టడం అన్యాయం.

ఆడపిల్లలు ఏటా మగపిల్లల కంటే ముందుంటారు. 2024లో తెలంగాణలో బాలికలు 93.23, బాలురు 89.42 శాతం. ఇక్కడ గమనించవలసింది ఇంటి నిర్ణయం. ఒక ఫీజే కట్టగలిగిన ఇంట్లో ప్రైవేటు బడికి కొడుకును, సర్కారు బడికి కూతురిని పంపే అలవాటును తెలుగు జిల్లాల్లో జరిగిన అధ్యయనాలు నమోదు చేశాయి. తక్కువ ఖర్చు పెట్టిన బిడ్డే ఎక్కువ మార్కులు తెచ్చుకుంటోంది. పాస్ శాతంలో ముందున్న ఈ అమ్మాయిలు పై చదువుల్లో ఎటు పోతున్నారన్నది పదో తరగతి మెమో చెప్పదు.

అన్నిటికన్నా లోతైనది భాష అంతరం. గోండి, కోయ, కొలామి, సవర, కువి మాట్లాడే పిల్లలకు బడి తెలుగు రెండో భాష. 2004లో ఉమ్మడి రాష్ట్రం ఎనిమిది గిరిజన భాషల్లో ప్రాథమిక పాఠాలు తయారు చేసి బహుభాషా విద్యను మొదలుపెట్టింది. దేశంలో అది ముందడుగు. కానీ కొనసాగింపు బలహీనపడింది. తెలంగాణ 2022–23 నుంచి సర్కారు బడుల్లో ఇంగ్లీష్ మీడియాన్ని ఒకటి నుంచి ఎనిమిది దాకా తెచ్చింది. ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు ఉన్న పుస్తకాలు ఇచ్చింది. ఏపీ కూడా అంతకుముందే ఆ దారి పట్టింది. తల్లిదండ్రులు ఇంగ్లీషు కోరుకోవడంలో తప్పేమీ లేదు. జూబ్లీహిల్స్ పిల్లలకు ఉన్నది తమ పిల్లలకూ కావాలంటున్నారు, అంతే. పిల్లకు అర్థం కాని భాషలో గుణకారం నేర్పితే గుణకారమూ రాదు, భాషా రాదు అన్నదాన్ని పాలకులు పట్టించుకోకపోవడంలోనే తప్పుంది.

మూడో తరగతిలో ఏం జరుగుతోంది

పదిలో బయటపడే అంతరం పుట్టేది మూడో తరగతి లోపే. 2005 నుంచి ప్రథమ్ సంస్థ చేయిస్తున్న అసర్ సర్వే దీన్ని తేలిగ్గా అర్థమయ్యేలా చూపించింది. సర్వేకు వచ్చిన వాలంటీరు బడికి పోడు, ఇంటికి వెళ్లి పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని ఒక కాగితం ఇస్తాడు. దాని మీద అక్షరాలు, పదాలు, ఒకటో తరగతి స్థాయి చిన్న పేరా, రెండో తరగతి స్థాయి కథ ఉంటాయి. తెలుగులో పిల్లలు ఎక్కడ ఆగుతారో టీచర్లందరికీ తెలుసు. ‘బడి, మేక, పలక’ గబగబా చదివేసిన పిల్ల, ‘చెట్టు’ దగ్గర నెమ్మదిస్తుంది, ‘వర్షం’ దగ్గర టీచరు మొహం చూస్తుంది, ‘మధ్యాహ్నం’ అన్న మాటను మొదటి అక్షరం పట్టుకుని ఊహించేస్తుంది. గుణింతాలు వచ్చి వత్తులు రాకపోతే మూడో తరగతి తెలుగు వాచకంలో ఏ పేజీ కూడా చదవలేరు.

లెక్కల్లో తీసివేత. 41లోంచి 13 తియ్యమంటే చాలామంది 32 అని రాస్తారు. ఒకట్ల స్థానంలో 1లోంచి 3 పోదు కాబట్టి 3లోంచి 1 తీసి 2 అని, పదుల్లో 4లోంచి 1 తీసి 3 అని వేసేస్తారు. అప్పు తెచ్చుకోవడం వాళ్లకు గుర్తుండాల్సిన సూత్రం మాత్రమే, పది విడగొడితే పది ఒకట్లు వస్తాయన్న సంగతి చేతికి అందలేదు. ఆ పిల్లవాడే ఎనిమిదో తరగతికి వెళ్లి బీజగణిత సమాసాలు కాపీ చేసుకుంటూ కూర్చుంటాడు. విద్యాహక్కు చట్టం ప్రకారం కింది తరగతుల్లో ఎవరినీ ఆపకూడదు. 2019 సవరణతో అయిదు, ఎనిమిది తరగతుల్లో ఆపే వెసులుబాటు రాష్ట్రాలకు వచ్చింది. ఆపినా, పంపినా 41లోంచి 13 తియ్యడం నేర్పే మనిషి లేకపోతే ఫలితం ఒకటే.

అసర్ ప్రకారం ఏపీ గ్రామాల్లో అయిదో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు 2018లో 59.7 శాతం, 2022లో 36.3 శాతం. దేశంలోనే పెద్ద పతనాల్లో ఇదొకటి. అయితే అసర్ గ్రామీణ సర్వే. పూర్తిగా నగర జిల్లా అయిన హైదరాబాద్‌కు అది రాదు. కృష్ణానగర్ పిల్ల ‘మధ్యాహ్నం’ చదవగలదో లేదో అసర్ చెప్పదు.

కేంద్రం నిర్వహించే జాతీయ సాధన సర్వే నగరాలనూ తీసుకుంటుంది. 2021 నవంబర్ 12న దేశవ్యాప్తంగా 34 లక్షల మంది పిల్లలు రాశారు. అయిదు వందల స్కేలు మీద గణితంలో దేశ సగటు మూడో తరగతిలో 306, అయిదులో 284, ఎనిమిదిలో 255, పదిలో 220. పై తరగతికి వెళ్లేకొద్దీ తరగతి స్థాయికీ పిల్లల స్థాయికీ దూరం ఎలా పెరుగుతుందో ఈ వరుస చెబుతుంది. దీని తర్వాతి రూపమైన పరఖ్ సర్వే 2024 డిసెంబర్ 4న మూడు, ఆరు, తొమ్మిది తరగతుల్లో జరిగింది. ఇవి నమూనా సర్వేలు. జిల్లా సగటు ఇస్తాయి, బస్తీ సంగతి ఇవ్వలేవు. హైదరాబాద్ జిల్లా సగటులో జూబ్లీహిల్స్ అంతర్జాతీయ బడి, యూసుఫ్‌గూడ గల్లీ బడి కలిసి కరిగిపోతాయి.

తెలుగు జిల్లాల్లో జరిగిన ప్రయోగాలు

బడుల చదువు మీద ప్రపంచంలో ఎక్కువగా ఉదహరించే పరిశోధనల్లో కొన్ని ఆంధ్రప్రదేశ్‌లో జరిగినవే. మన పత్రికల్లో వాటి గురించి రావలసినంత రాలేదు కాబట్టి కాస్త వివరంగా చెప్పాలి.

2005 నుంచి కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అనే ఆర్థికవేత్తలు రాష్ట్ర ప్రభుత్వం, అజీం ప్రేమ్‌జీ ఫౌండేషన్, ప్రపంచ బ్యాంకులతో కలిసి అయిదు జిల్లాల్లో వరస అధ్యయనాలు నడిపారు. పిల్లల మార్కుల్లో పెరుగుదలను బట్టి టీచర్లకు బోనస్ ఇస్తే ఏమవుతుందని లాటరీతో ఎంచుకున్న బడుల్లో చూశారు. రెండేళ్లలో బోనస్ బడుల పిల్లలు గణితంలో 0.27, భాషలో 0.17 ప్రామాణిక విచలనాల మేర ముందుకు వెళ్లారు. వందమందిలో సరిగ్గా మధ్యలో ఉన్న పిల్లవాడు గణితంలో పదిమందిని దాటినంత. బోనస్‌తో సంబంధం లేని సామాన్యశాస్త్రం, సాంఘికంలో కూడా పిల్లలు మెరుగయ్యారు. కాబట్టి పరీక్షకు మాత్రమే బట్టీ పెట్టించారన్న అనుమానం చాలావరకు తొలగింది.

అదే వరసలో ఇంకో అధ్యయనం నాకు అంతకన్నా ముఖ్యమనిపిస్తుంది. కొన్ని బళ్లలో టీచర్లకు పిల్లవాడి వారీగా, అంశాల వారీగా ఎక్కడ వెనకబడ్డారో నివేదికలు ఇచ్చారు, ఎలా వాడుకోవాలో చెప్పారు, అప్పుడప్పుడు వెళ్లి చూశారు. టీచర్లు నివేదికలు బాగున్నాయన్నారు. చూడ్డానికి వెళ్లినప్పుడు కాస్త చురుగ్గానూ కనిపించారు. ఏడాది చివర పిల్లల మార్కుల్లో తేడా ఏమీ లేదు. వెనకబాటును కొలిచి కాగితం చేతికిస్తే చాలు, బడి దానంతట అది బాగుపడుతుందన్న నమ్మకాన్ని ఈ ఫలితం కదిలిస్తుంది. టీచరు మీద సిలబస్ పూర్తి చేయాలన్న ఒత్తిడి అలాగే ఉంది, ఆమె ముందు మూడు స్థాయుల పిల్లలు ఒకే గదిలో అలాగే ఉన్నారు. నివేదిక ఆ పరిస్థితిని మార్చలేదు.

మూడోది ప్రైవేటు బడుల ప్రశ్న. 2008లో మొదలుపెట్టి 180 గ్రామాల్లో లాటరీ తీసి, నెగ్గిన సర్కారు బడి పిల్లలకు ప్రైవేటు బడి ఫీజు ఓచర్లు ఇచ్చారు. నాలుగేళ్ల తర్వాత చూస్తే తెలుగులో, గణితంలో ఓచరు వచ్చినవాళ్లకూ రానివాళ్లకూ తేడా లేదు. సర్కారు ప్రాథమిక బడుల్లో చెప్పని హిందీలో మాత్రం ప్రైవేటు పిల్లలు చాలా ముందున్నారు. ప్రైవేటు బడులు తెలుగు, లెక్కలకు తక్కువ సమయం కేటాయించి, మిగిలిన సమయం ఇతర సబ్జెక్టులకు వాడాయి. ఒక్కో పిల్లపై వాటి ఖర్చు సర్కారు బడి ఖర్చులో మూడో వంతు లోపే. ఫలితాల పట్టికలో ప్రైవేటుకూ సర్కారుకూ కనిపించే అంతరంలో ఎక్కువ భాగం బడి వల్ల కాక ఇంటి వల్ల వచ్చిందని దీని భావం. తెలంగాణలో బడి పిల్లల్లో సగానికి పైగా ప్రైవేటులో ఉన్న ఈ రోజున, అమ్మానాన్నలు నెలనెలా కడుతున్న ఫీజుకు ఏం కొనుక్కుంటున్నారో తెలుసుకోవడానికి ఈ ఒక్క ప్రయోగం చదివితే చాలు.

కొలత నిజాయితీ

2023 ఏప్రిల్‌లో తెలంగాణ పదో తరగతి తెలుగు పేపరు ఫోటోలు పరీక్ష మొదలైన కాసేపటికే తాండూరు నుంచి వాట్సాప్‌లోకి వచ్చాయి. మర్నాడు హిందీ పేపరు వంతు. ఇలాంటివి పోలీసు కేసులవుతాయి, పత్రికలకెక్కుతాయి. వాటికన్నా పెద్ద నష్టం చేసేవి ఏ వార్తలోకీ ఎక్కవు. అవి కింది తరగతుల సర్వే పరీక్షల్లో జరుగుతాయి. ఆర్థికవేత్త అభిజీత్ సింగ్ ఆంధ్రప్రదేశ్‌లో 2,400కు పైగా బడుల్లో చేసిన ప్రయోగం దీన్ని బయటపెట్టింది. టీచర్లే కాపలా ఉండి కాగితం మీద పెట్టిన అధికారిక పరీక్షల్లో పిల్లల స్థాయి ఉన్నదానికన్నా బాగా ఎక్కువగా నమోదైంది. అవే పరీక్షలను ట్యాబ్‌ల మీద పెట్టినప్పుడు వచ్చిన మార్కులు, బయటివాళ్లు మళ్లీ పరీక్షిస్తే వచ్చిన మార్కులతో దాదాపు సరిపోయాయి. ఆ కాగితాల ప్రకారం చదువు సంక్షోభం అంత లేదు, పిల్లల మధ్య అంతరమూ అంత లేదు. సహాయం అందవలసిన పిల్లవాడు లెక్కలో ‘వచ్చు’ అన్న గడిలో పడిపోయాడు.

అమెరికా ఇదే దారిలో మనకన్నా ముందు నడిచింది. 2002లో అమల్లోకి వచ్చిన చట్టం ప్రతి రాష్ట్రం మూడు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలందరికీ ఏటా పరీక్ష పెట్టాలని, ఫలితాలను జాతి, పేదరికం, ఇంటి భాష, వైకల్యం వారీగా విడదీసి ప్రకటించాలని, ప్రతి వర్గంలోనూ 95 శాతం పిల్లలు రాసి తీరాలని నిర్దేశించింది. సగటు వెనక ఎవరినీ దాచకూడదన్నది దాని మంచి ఉద్దేశం. తోడుగా శిక్షలూ పెట్టింది. 2009 పరీక్షల్లో అట్లాంటా నగర టీచర్లు జవాబు పత్రాలు దిద్దిన వ్యవహారం 2015లో కోర్టు శిక్షల దాకా వెళ్లింది. అదే ఏడాది ఆ చట్టం స్థానంలో కాస్త సడలించిన చట్టం వచ్చింది. విడదీసి ప్రకటించడం మాత్రం నిలిచింది. మనం నేర్చుకోవలసింది ఆ నిలిచిన భాగాన్నే.

ఇప్పుడు నడుస్తున్నవి

తెలంగాణ 2022 ఆగస్టులో ఒకటి నుంచి అయిదు తరగతులకు ‘తొలిమెట్టు’, మరుసటి ఏడాది హైస్కూలు పిల్లలకు ‘ఉన్నతి’ మొదలుపెట్టింది. పిల్లలను తరగతిని బట్టి కాకుండా వాళ్లకు వచ్చినదాన్ని బట్టి గుంపులుగా చేసి, చదవడం, రాయడం, నాలుగు ప్రక్రియల మీద రోజూ కొంత సమయం పెట్టమన్నది వీటి ఆలోచన. ఆంధ్రప్రదేశ్‌లో ప్రపంచ బ్యాంకు 2021లో మంజూరు చేసిన 25 కోట్ల డాలర్ల రుణంతో ‘సాల్ట్’ పథకం ఇదే లక్ష్యంతో నడుస్తోంది. ఆలోచన సరైనదే, పరిశోధనలు సమర్థించినదే. కానీ ఏకోపాధ్యాయ బడిలో ఒకే మనిషి అయిదు తరగతులూ చూసుకుంటూ, మధ్యాహ్న భోజనం లెక్కలు రాస్తూ, యాప్‌లో ఫోటోలు ఎక్కిస్తూ ఈ గుంపులు నడపాలి. మొదట్లో పిల్లల స్థాయి నమోదు చేసేదీ, చివర్లో మెరుగుపడ్డారని నమోదు చేసేదీ ఆ మనిషే.

బయటి మనిషి వచ్చి ట్యాబ్ మీద మూడో తరగతి పిల్లలందరినీ ఒక్కొక్కరిగా పరీక్షించే ఏర్పాటు రెండు రాష్ట్రాల్లోనూ లేదు. అలాంటిది పెట్టి, ఫలితాన్ని జిల్లాల ర్యాంకులుగా కాక బస్తీ వారీగా, ఇంటి భాష వారీగా, సర్కారు, ప్రైవేటు, గురుకులం వారీగా విడదీస్తే, బోర్డు ఏదైనా సరే రాష్ట్రంలోని బళ్లన్నీ అందులో ఉంటే, శ్రీనగర్ కాలనీ చౌరస్తాలో ఒకే సిగ్నల్ దగ్గర ఆగే నలుగురు పిల్లలకు మొదటిసారి ఒకే ప్రశ్నపత్రం అందుతుంది. ఎవరికి ఏ టీచరును, ఎన్ని గంటలు అదనంగా ఇవ్వాలన్నది ఆ మూడో తరగతిలోనే నిర్ణయించవచ్చు, పదో తరగతి సంక్రాంతి సెలవుల దాకా ఆగకుండా.